ఇంజిన్‌తో పరిచయం – 6వ పాఠం: గాలి ఎంతో పెట్రోలు అంత

పోయిన పాఠంలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎలా తెరుచుకుంటుందో చూశాం. అది ఎంతసేపు తెరుచుకుని ఉండాలో ఎలా తేలుతుందో ఇప్పుడు చూద్దాం.

యాక్సిలరేటర్ తొక్కితే పెట్రోలు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెట్రోలు కారులో మన కాలు పెంచేది గాలిని. గాలి దారిలో ఉండే థ్రాటిల్ రేకు తెరుచుకుంటుంది, గాలి లోపలికి వస్తుంది, దాన్ని కొలిచి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు పంపిస్తుంది. ముందు గాలి, తర్వాత పెట్రోలు. ఈ వరస మనసులో నాటుకోవాలి.

1 గ్రాము పెట్రోలు సరిగ్గా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ గాలిని కొలిచేది మాఫ్ సెన్సర్. ఎయిర్ ఫిల్టర్ దాటాక గొట్టంలో ఉంటుంది. లోపల కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ. విసనకర్ర గాలికి వేడి అన్నం ఆరినట్టు, వచ్చే గాలికి తీగ చల్లబడుతుంది. దాని వేడి తగ్గకుండా ఉంచడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి ఈసీయూ గాలి లెక్క కడుతుంది.

ఒక లెక్క చేద్దాం. నాలుగు సిలిండర్ల చిన్న ఇంజిన్, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు, 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు). సెకనుకు 2 గ్రాముల గాలి అనుకోండి. 14.7తో భాగిస్తే సెకనుకు 0.136 గ్రాముల పెట్రోలు, గంటకు సుమారు 490 గ్రాములు. ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకోసారి చొప్పున, అదే సెకనులో ఇంజెక్టర్లు అన్నీ కలిపి దాదాపు 27 సార్లు చిమ్ముతాయి. అంటే ఒక్కోసారికి 5 మిల్లీగ్రాములు! నిండా ఒక చుక్క కూడా కాదు. ఇంత సున్నితమైన పని కాబట్టే తీగ మీద కాస్త మురికి పట్టినా బండి తేడాగా నడుస్తుంది.

కాలు ఒక్కసారిగా నొక్కితే గాలి చటుక్కున దూసుకొస్తుంది, పెట్రోలులో కొంత మాత్రం పోర్టు (సిలిండర్‌లోకి గాలి వెళ్లే దారి) గోడలకు అంటుకుపోతుంది. అందుకే ఆ క్షణానికి ఈసీయూ కొంచెం ఎక్కువ పోస్తుంది.

లెక్క తప్పిందా లేదా అన్నది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. దాన్నిబట్టి ఈసీయూ చేసే సవరణే ఫ్యూయల్ ట్రిమ్. ఈసీయూ అంకెలు చదివే స్కానర్‌లో ఇది శాతాల్లో కనిపిస్తుంది: ప్లస్ అంటే పెట్రోలు పెంచింది, మైనస్ అంటే తగ్గించింది.

ఈ వారం అభ్యాసం. గాలి ఆడే చోట బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక షార్ట్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ ట్రిమ్ (నేర్చుకుని గుర్తుపెట్టుకున్న సవరణ) రెండూ కూడి రాసుకోండి: ఒకసారి ఐడిల్‌లో, ఇంకోసారి 2500 ఆర్‌పీఎం దగ్గర. ఐడిల్‌లో +22, 2500లో +5 వచ్చిందనుకోండి. మాఫ్ దాటాక ఎక్కడో గాలి దొంగదారిన దూరుతోందన్న అనుమానం గట్టిగా రావాలి. ఐడిల్‌లో అసలు గాలే తక్కువ కాబట్టి దొంగగాలి వాటా పెద్దది. స్పీడు పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. నేను ముందుగా చూసేది మాఫ్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం మడతలు. ఇంజిన్ ఆపి, చల్లారాక, వేళ్లతో మడత విప్పి చూడండి. పగులు లోపల దాక్కుని ఉంటుంది, పైకి కనబడదు.

అంకెలు తిరగబడి, బండి లాగుతున్నకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, మాఫ్ తీగ చూడాలి.

మాఫ్ లేకుండా మ్యాప్ సెన్సర్‌తో (థ్రాటిల్ దాటాక గాలి ఒత్తిడి కొలిచేది) నడిచే కార్లలో ఈ పరీక్ష ఇలాగే పనిచేయదు. వాటి సంగతి 7వ పాఠంలో. ఈలోగా మీ బండిలో రెండింటిలో ఏది ఉందో బానెట్ ఎత్తి వెతికి పెట్టుకోండి.