ఆసుపత్రి రిజిస్టరులో ఉన్నదంతా నిజమేనా? ఆడిట్‌లో తరచి చూడడం ఎలా?

ఆసుపత్రుల్లో నిబంధనల అమలును పర్యవేక్షించే ఉద్యోగం చాలాచోట్ల టిక్కులు పెట్టే పనిగా మారిపోయింది. ఇది బాధాకరం. ఆ టిక్కు తప్పయితే సూది గుచ్చుకునేది చెత్త సంచులు మోసే ఆయమ్మ చేతికే. బయోమెడికల్ వ్యర్థాల (చికిత్సలో వాడి పారేసే సూదులు, దూది, కట్లు వంటివాటి) ఆడిట్‌ను ఉదాహరణగా తీసుకుని, కాగితాన్ని ఎలా ప్రశ్నించాలో చూద్దాం.

1. ముందు అసలు నిబంధన చదవండి
చెక్‌లిస్టు ఎవరో కుదించి రాసింది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలను, తర్వాతి సవరణలతో సహా దగ్గర పెట్టుకోండి. ‘48 గంటల్లో తరలించాలి’ అని అందరూ అంటారు. శరీర భాగాలు, రక్తం అంటిన దూది, కట్లు వంటివాటిని శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచరాదన్నది నిజమే. తప్పనిసరై ఉంచితే కారణాలతో సంబంధిత అధికారికి తెలియజేయాలని కూడా అందులోనే ఉంది. కాబట్టి గడువు దాటిన రోజు కనిపిస్తే ఆ సమాచారం పంపిన లేఖ కూడా అడగండి.

2. చూసింది, విన్నది, రాసి ఉన్నది విడదీయండి
‘వార్డులో వ్యర్థాలను బాగానే వేరు చేస్తున్నారు’ అనేది అభిప్రాయం. ‘మధ్యాహ్నం మూడింటికి ఎరుపు సంచిలో సూది తీయని సిరంజి ఉంది’ అనేది ఆధారం. ఎరుపు సంచి సూది తీసేసిన సిరంజిల వంటి ప్లాస్టిక్ వ్యర్థాలకు; సూది తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. మీ నోటు పుస్తకంలో రెండో రకం వాక్యాలే ఎక్కువ ఉండాలి.

3. వేర్వేరు చేతులు రాసిన లెక్కలను పోల్చండి
నిగ్గు తేలేది ఎక్కువగా ఇక్కడే. ఆసుపత్రి బరువుల రిజిస్టరు ఒకవైపు, వ్యర్థాలు తీసుకెళ్లే ఉమ్మడి శుద్ధి కేంద్రం వారి రసీదులు మరోవైపు పెట్టుకోండి. శరీర భాగాలు, రక్తం అంటిన దూది వేసే పసుపు సంచుల బరువు ఆపరేషన్లు ఎక్కువ జరిగిన రోజునా, ఆదివారం నాడూ ఒకేలా ఉందా? నెల మొత్తం ఒకే దస్తూరీ, ఒకే సిరా ఉన్నాయా? అలా ఉంటే ఏ రోజుకారోజు తూచి రాశారా అన్న అనుమానం రావాలి. స్టోరు నుంచి సిరంజిలు ఎన్ని వెళ్లాయో చూసి, తెల్ల డబ్బాల బరువుతో పోల్చండి. గ్రాముల్లో సరిపోనక్కర్లేదు, పెరుగుదలా తరుగుదలా కలిసి నడవాలి.

అన్నీ చక్కగా సరిపోయాయా? అప్పుడే తృప్తి పడకండి. ఒకదాన్ని చూసి మరొకటి రాసి ఉండవచ్చు. ఎవరు తూస్తారో, కాటా ఎక్కడుందో అడిగి, మీ ఎదుటే ఒక సంచి తూయించండి.

4. సున్నాను అనుమానించండి
ఏడాది మొత్తంలో సూది గాయాలు ‘సున్నా’ అని రాసి ఉంటే రెండు అర్థాలున్నాయి: గాయాలు కాలేదు, లేదా ఎవరూ చెప్పలేదు. ఏది నిజమో తేల్చే ఆధారం ఏమిటని ఆలోచించండి. అత్యవసర విభాగంలో సిబ్బందికి చేసిన చికిత్సల నమోదు చూడండి. సూపర్‌వైజరు పక్కన లేనప్పుడు పారిశుద్ధ్య సిబ్బందితో మాట్లాడండి. ‘‘ఎప్పుడైనా గుచ్చుకుందా?’’ అంటే భయంతో లేదంటారు. ‘‘గుచ్చుకుంటే ముందు ఏం చేస్తావమ్మా, ఎవరికి చెబుతావు?’’ అని అడగండి. జవాబు తెలియక ఆమె తడబడితే, ఆ సున్నాను నమ్మడానికి వీల్లేదు.

5. మీ నిర్ణయాన్నీ పరీక్షించుకోండి
సంచుల రంగులు తారుమారైతే వెంటనే నర్సుల నిర్లక్ష్యమని రాయకండి. ఎరుపు సంచులు అయిపోయి, సెలవు రోజున స్టోరుకు తాళం పడి ఉండవచ్చు. సంచులు కావాలని వార్డు స్టోరుకు రాసి పంపిన ఇండెంటు చూస్తే తెలిసిపోతుంది. ఆడిట్ అంటే అందరూ జాగ్రత్త పడతారు కనుక, చెప్పకుండా రాత్రి షిఫ్టులో ఒకసారి వెళ్లి చూడండి.

6. నివేదికలో ఖాయమైనది, అనుమానం వేరుగా రాయండి
ఏం కనిపించింది, ఎక్కడ, ఎప్పుడు, ఏ నిబంధనకు విరుద్ధం అన్నది ముందు రాయండి. అనుమానాలను వాటి పేరుతోనే రాసి, తేల్చడానికి ఏ రికార్డు కావాలో చెప్పండి. ఎవరు ఏ తేదీకల్లా సరిచేస్తారో వారితోనే రాయించుకోండి. ఆ తేదీ దాటాక మళ్లీ అదే వార్డుకు వెళ్లి సంచులు తెరిపించి చూడండి.