అర్థశాస్త్రం స్వయంగా నేర్చుకుందాం – నాలుగో పాఠం: వాయిదా పడే కొనుగోలు, ఊగిసలాడే వ్యాపారం

మొదట గత పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకు సమాధానం చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖాదీ నూలు వడికేవారు పత్తిని దువ్వి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. ఆ ఎముక వినియోగ వస్తువా (నేరుగా వాడుకునేదా), ఉత్పాదక వస్తువా (మరో వస్తువు తయారీకి పనిముట్టుగా వాడేదా) అన్నది ప్రశ్న. వంటింట్లో చేప తిన్నాక పారేసే ఎముకకు ధర ఉండదు. అదే ఎముకను ఎండబెట్టి, దాని సన్నని పళ్ల వరుసతో పత్తి పోగులను విడదీస్తున్నప్పుడు అది పనిముట్టు అవుతుంది, దానికి ధర పలుకుతుంది, అంటే అది ఉత్పాదక వస్తువు. ఏ వస్తువూ పుట్టుకతో ఒక రకానికి చెందదు. దానిని ఎవరు, ఎందుకు వాడుతున్నారు అన్నదాన్ని బట్టే రకం నిర్ణయమవుతుంది. ఇంట్లో వండుకున్న బియ్యం వినియోగ వస్తువు, టిఫిన్ హోటల్లో దోసెల పిండికి నానబోసిన బియ్యం మాధ్యమిక వస్తువు, అంటే మరో వస్తువు తయారీలో కలిసిపోయేది. ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకుంటే మిగతా పాఠం సులభంగా అర్థమవుతుంది.

ఆస్ట్రియా ఆర్థికవేత్త కార్ల్ మెంగర్ 1871లో ఈ ఆలోచనకు చక్కని వరుస కల్పించాడు. మన అవసరాన్ని నేరుగా తీర్చేవి మొదటి శ్రేణి వస్తువులనీ, వాటిని తయారు చేయడానికి కావలసినవి రెండో శ్రేణివనీ, వాటికి కావలసినవి మూడో శ్రేణివనీ అన్నాడు. పొందూరు పంచె మొదటి శ్రేణి, నూలు, మగ్గం రెండోవి, పత్తి, రాట్నం మూడోవి. పై శ్రేణిలోని, అంటే రెండో, మూడో శ్రేణుల వస్తువుకు సొంతంగా గిరాకీ ఉండదు. పంచె కట్టేవారు లేకపోతే రాట్నాన్ని అడిగేవారుండరు. ఇలా మరొక వస్తువు ద్వారా వచ్చే గిరాకీని ఉత్పన్న డిమాండు అంటారు.

ఇప్పుడు అవసరాల సంగతి. కోరికలకు అంతు లేదు, వాటిని తీర్చే సాధనాలు పరిమితం అన్న వాక్యంతో పాఠ్యపుస్తకాలు మొదలవుతాయి. అది నిజమే కాని, మన పనికి అంతకంటే ఉపయోగపడే ప్రశ్న మరొకటి ఉంది: ఈ అవసరాన్ని ఎంతకాలం వాయిదా వేయవచ్చు? ఉప్పు, బియ్యం, జ్వరం మందు వాయిదా పడవు. మోటారు సైకిలు, ఇంటి మీద రెండో అంతస్తు, పెళ్లికి కొనదలచిన బంగారం వాయిదా పడతాయి. జర్మనీ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో కుటుంబాల ఖర్చులను పరిశీలించి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికయ్యే భాగం తగ్గుతుందని తేల్చాడు. అంటే ఒక ప్రాంతపు ఆదాయం పెరిగినకొద్దీ ఖర్చులో వాయిదా వేయదగిన వస్తువుల వాటా పెరుగుతుంది. వాయిదా వేయదగిన ఖర్చు ఎక్కువగా ఉన్నచోట, జనం ఒక్కసారిగా భయపడితే వ్యాపారం పడిపోవడం కూడా ఎక్కువగానే ఉంటుంది. వ్యాపారం పెరుగుతూ, పడిపోతూ పదే పదే ఊగిసలాడడాన్నే వ్యాపార చక్రం అంటారు. దానికి మూలం ఇక్కడే వెతకాలి.

వాయిదా వేయదగిన మన్నిక వస్తువులు, అంటే ఏళ్ల తరబడి పనిచేసేవి, చాలావరకు అప్పుతో కొనేవే. అందుకే వడ్డీ రేటు మారితే ముందుగా కదిలేది వాటి అమ్మకమే. భారతీయ రిజర్వు బ్యాంకు 2020 మే నెలలో రెపో రేటును (తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని) 4 శాతానికి దించి, 2022 మే నుండి పెంచుకుంటూ 2023 ఫిబ్రవరికి 6.5 శాతానికి చేర్చింది. ఈ మార్పుతో కిరాణా కొట్టులో పప్పుల అమ్మకం పెద్దగా కదలదు. నెలవారీ వాయిదాలలో వాహనాలు అమ్మే షోరూములోనూ, గృహరుణాల మీద ఆధారపడిన నిర్మాణ రంగంలోనూ కదులుతుంది.

ఇక ఈ కదలిక పై శ్రేణులకు పోయేకొద్దీ పెద్దదెలా అవుతుందో ఒక లెక్కతో చూద్దాం. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకొని చేయండి. చదివి వదిలేస్తే ఇది నిలవదు. పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారం ఉందనుకుందాం. పిక్కలను ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, కటింగ్ యంత్రాలతో పగలగొట్టి, పప్పును వేడి గదిలో ఎండించి, పొర తీసి, నిండు పప్పును, బద్దలను, ముక్కలను వేరు చేస్తారు. ఆ కర్మాగారంలో 10 కటింగ్ యంత్రాలున్నాయి. ఒక్కొక్కటి పదేళ్లు పనిచేస్తుంది. ఏడాదికి ఒకటి అరిగిపోతుంది, దాని స్థానంలో ఒకటి కొంటారు. పప్పుకు గిరాకీ 10 శాతం పెరిగిందనుకోండి. ఇప్పుడు 11 యంత్రాలు కావాలి. అరిగినదానికి బదులు ఒకటి, అదనంగా ఒకటి, మొత్తం రెండు కొంటారు. పప్పు గిరాకీ 10 శాతమే పెరిగినా యంత్రాలు తయారుచేసేవాడి అమ్మకం రెట్టింపయింది.

మరుసటి ఏడు పప్పు గిరాకీ తగ్గలేదు, పెరగనూ లేదు. 11 యంత్రాలు చాలు, కాబట్టి అరిగినదానికి బదులుగా ఒక్కటే కొంటారు. పప్పు వ్యాపారి సంతోషంగానే ఉన్నాడు, కాని యంత్రాలవాడి అమ్మకం సగానికి పడిపోయింది. ఆ పై ఏడు గిరాకీ పాత స్థాయికి వచ్చేసరికి 10 యంత్రాలే కావాలి. ఒకటి అరిగిపోగా మిగిలినవి సరిగ్గా పదే. ఆ ఏడాది కొనుగోలు సున్నా. దీనిని త్వరణ సూత్రం అంటారు. గిరాకీ తగ్గనక్కరలేదు, పెరుగుదల ఆగితే చాలు, పై శ్రేణిలో పని పోతుంది. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం. మంచికాలం నడుస్తుండగానే కొన్ని చోట్ల కార్మికులను ఎందుకు ఇంటికి పంపుతారో ఇది చెబుతుంది.

దీనిని విజయనగరం జిల్లాకు అన్వయించండి. గరివిడి ప్రాంతానిది మాంగనీసు ఖనిజం, ఫెర్రో మిశ్రమ లోహాల (ఉక్కు తయారీలో కలిపే ఇనుప మిశ్రమాల) చరిత్ర. ఫెర్రో మాంగనీసును ఎవరూ ఇంటికి కొనుక్కుపోరు. అది ఉక్కు కొలిమికి పోతుంది, ఉక్కు ఊచలకూ వాహనాలకూ పోతుంది, ఆ రెండూ వాయిదా పడే కొనుగోళ్లే. కాబట్టి దూరాన ఏదో నగరంలో ఇళ్ల కొనుగోలు మందగిస్తే ఆ దెబ్బ ఇక్కడి కొలిమి వరకూ పెరుగుతూ వస్తుంది. నెల్లిమర్ల వంటి చోట్ల ఉన్న జనపనార మిల్లుల కథ వేరు. గోనె సంచీ కూడా మాధ్యమిక వస్తువే, అయితే నిర్ణీత సరుకుల ప్యాకింగులో జనపనార సంచులను తప్పనిసరి చేసే కేంద్ర చట్టం 1987 నుండి ఉంది. ఆ గిరాకీ వ్యాపార చక్రం కంటే ధాన్యం సేకరణ మీదా, ప్రభుత్వ ఆర్డర్ల మీదా ఎక్కువగా ఆధారపడుతుంది. రెండూ మాధ్యమిక వస్తువులే అని ఒకే గాటన కట్టకూడదు.

చక్రంలో విస్తరణ, శిఖరం, తిరోగమనం, అడుగు అని నాలుగు దశలు చెబుతారు. తిరోగమనం లోతుగా, దీర్ఘంగా సాగితే దానిని మాంద్యం అంటారు. పుస్తకాలలో గీసే సమానమైన అలల బొమ్మను మాత్రం నమ్మకండి. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన తిరోగమనం 18 నెలలు సాగింది. 2020 ఫిబ్రవరిలో మొదలైనది 2 నెలలలోనే ముగిసింది. ఆ రెంటి మధ్య విస్తరణ 128 నెలలు నిలిచింది. ఫ్రాన్సుకు చెందిన క్లెమెంట్ జుగ్లార్ 1862లోనే ఈ ఒడిదుడుకులు పదే పదే వస్తాయని చూపాడు కాని, అవి గడియారం ప్రకారం వస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు.

ప్రతి పతనమూ వ్యాపార చక్రం కాదు. పలాస చుట్టుపక్కల జీడి, కొబ్బరి తోటల ప్రాంతమైన ఉద్దానంలో వేసవిలో పిక్కల రాబడి పెరిగి, వానాకాలంలో ఆగిపోవడం రుతువుల మార్పు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను కూల్చివేయడం సరఫరాకు తగిలిన దెబ్బ. తేడా తెలుసుకోవడానికి ధరనూ పరిమాణాన్నీ కలిపి చూడాలి. అమ్మకమూ ధరా రెండూ తగ్గుతుంటే గిరాకీ తగ్గిందని అనుమానించాలి. అమ్మకం తగ్గి ధర పెరుగుతుంటే సరఫరా దెబ్బతిన్నదని అనుమానించాలి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పలాస కర్మాగారాలు ఆఫ్రికా దేశాల నుండి కూడా పిక్కలు తెప్పించుకుంటాయి. అందువల్ల ఉద్దానంలో పంట పోయినంత మాత్రాన రైతు దగ్గర మిగిలిన 80 కిలోల బస్తాకు ధర ఆ మేరకు పెరుగుతుందని చెప్పలేం. పంటా పోయి ధరా రాని ఆ స్థితి రైతుకు అన్నిటికంటే కష్టమైనది. దానిని చక్రం ఖాతాలో వేసి, కాలం గడిస్తే అదే కోలుకుంటుందని ఊరుకోవడం పొరపాటు, ఎందుకంటే కూలిన చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది.

అభ్యాసం. మీ ఊరి బజారులో ఐదు దుకాణాలు ఎంచుకోండి: కిరాణా, మందులు, సిమెంటు–ఇనుము, వాహనాల షోరూము, వెల్డింగు షాపు. ఒక్కొక్కటి అమ్మే ప్రధాన వస్తువు ఏ శ్రేణిదో, దాని కొనుగోలును ఎన్ని నెలలు వాయిదా వేయవచ్చో రాయండి. తరువాత పై లెక్కలోని యంత్రం ఆయుష్షును పదేళ్లకు బదులు ఐదేళ్లుగా తీసుకొని, అంటే ఏడాదికి రెండు యంత్రాలు అరుగుతాయనుకొని, మూడేళ్ల లెక్కా మళ్లీ చేయండి. యంత్రాల అమ్మకంలో ఊగిసలాట పెరిగిందో తగ్గిందో, ఎందుకో రెండు వాక్యాలలో రాసి ఉంచండి. దాని సమాధానంతోనే ఐదో పాఠం మొదలవుతుంది.