ఖాళీ అయిన డౌన్‌టౌన్‌కు మళ్లీ మనుషుల్ని రప్పించడం ఎలా?

మా ఆఫీసు వీధిలో ఒక చిన్న శాండ్‌విచ్ కొట్టు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాంట్‌గోమరీ స్ట్రీట్ స్టేషన్ మెట్లెక్కి పైకొస్తే రెండు నిమిషాల నడక. 2019లో మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి దాని ముందు లైను పక్క బిల్డింగ్ దాకా ఉండేది. ఇప్పుడు తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అందులో సోమవారం, శుక్రవారం పేర్ల మీద పెన్నుతో అడ్డంగా గీతలు కొట్టేసి ఉన్నాయి. కొట్టు నడిపే పెద్దాయన బుధవారం నాలుగు ట్రేల బ్రెడ్డు తెప్పించుకుంటాడు. సోమ, శుక్రవారాల్లో ఒక్క ట్రే కూడా చెల్లకపోవడంతో ఆ రెండు రోజులూ తెరవడం మానేశాడు.

2020 మార్చి తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఖాళీ అయిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, ఆటోలు అన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. అక్కడ మనుషులు చాలావరకు తిరిగొచ్చారు, అమెరికా, కెనడాల్లోని పెద్ద డౌన్‌టౌన్లలో, అంటే ఆఫీసులు కిక్కిరిసిన నగరం నడిబొడ్డున, మాత్రం ఇంటి నుంచి పనిచేయడం అలవాటై చాలామంది రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కోవిడ్‌కు ముందు ఆఫీసు స్థలంలో నూటికి అయిదు వంతులకు అటూ ఇటూ ఖాళీగా ఉండేది. 2024 నాటికి ఆ ఖాళీ మూడో వంతు దాటింది.

ఇలాంటి చోటును మళ్లీ నిలబెట్టడానికి ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో చెప్తాను. మీరు వ్యాపారుల సంఘంలో ఉన్నా, సిటీ కౌన్సిల్‌లో ఉన్నా, ఆ వీధిలో అద్దెకుంటున్నా పనికొస్తుంది. అన్నిటికన్నా ముందు ఒక ఆశ వదులుకోవాలి: ఆఫీసులు మళ్లీ వారానికి అయిదు రోజులూ నిండుతాయని ఎదురుచూడొద్దు. డౌన్‌టౌన్ ఒకే పంట మీద బతికిన పొలం లాంటిది. తొమ్మిదికి వచ్చి అయిదుకు వెళ్లే మనిషే ఆ పంట. ఇప్పుడు వేరే పంటలు వేయాలి.

1. ఒక మూలన నిలబడి లెక్కపెట్టండి

ఫోన్ల డేటా అమ్మే కంపెనీలు ఉన్నాయి, వాటి లెక్కలు ఉపయోగమే. కానీ ముందు మీరే వెళ్లి నిలబడండి. రద్దీగా ఉండే ఒక మూల ఎంచుకోండి. మంగళవారం మధ్యాహ్నం, శుక్రవారం మధ్యాహ్నం, గురువారం రాత్రి ఏడు గంటలకు, ఆదివారం ఉదయం పదకొండుకు, పావుగంట చొప్పున ఎంతమంది నడిచారో రాసుకోండి. ఎందుకొచ్చారో కూడా చూడండి. మెడలో ఐడీ కార్డు ఉందా, చేతిలో కూరగాయల సంచీ ఉందా, పిల్లల బండి తోస్తున్నారా?

తర్వాత ఆ వీధిలో కింది అంతస్తు షాపులన్నీ నడిచి చూసి, తెరిచినవెన్ని, మూసినవెన్ని, ఎన్ని రోజులు తెరుస్తున్నారో ఒక కాగితం మీద పటం గీసుకోండి. నాలుగు వీధులకు ఒక పూట పడుతుంది. చాలా నగరాల్లో మీటింగులు ఈ పటం లేకుండానే జరుగుతాయి. అందుకే చర్చ ఎప్పుడూ పై అంతస్తుల మీదే తిరుగుతుంది. నడిచేవాడి కంటికి కనపడేది మాత్రం కింది షట్టరే.

2. ముందు షట్టర్లు లేపండి

ఇది తొందరగా ఫలితం చూపించే పని, ఖర్చు కూడా తక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2023లో ‘వేకెంట్ టు వైబ్రంట్’ అనే పథకం మొదలైంది. ఆ సెప్టెంబర్‌లో తొలి విడతగా తొమ్మిది ఖాళీ షాపుల్లో 17 చిన్న వ్యాపారాలను కూర్చోబెట్టారు. మూడు నెలలు అద్దె లేదు, సర్దుకోవడానికి కొంత గ్రాంటు కూడా ఇచ్చారు. మూడు నెలలు గడిచాక కొందరు అక్కడే ఉండిపోయి మామూలు లీజు రాసుకున్నారు.

ఇక్కడ అందరికీ ఒక అనుమానం వస్తుంది. షాపు ఖాళీగా ఉంటే ఓనరు అద్దె తగ్గించి ఇవ్వొచ్చు కదా? చాలాసార్లు ఇవ్వలేడు. పెద్ద బిల్డింగ్ మీద బ్యాంకు అప్పు ఉంటుంది. బిల్డింగ్ విలువ దానికొచ్చే అద్దెను బట్టి కడతారు. సగం అద్దెకు పదేళ్ల లీజు రాస్తే కాగితం మీద బిల్డింగ్ విలువ పడిపోతుంది, బ్యాంకుతో తంటా మొదలవుతుంది. ఖాళీగా పెడితే మాత్రం ‘రేపు పాత అద్దెకే వస్తారు’ అని చెప్పుకోవచ్చు. కాబట్టి ఓనరుతో మాట్లాడేటప్పుడు లీజు ఊసెత్తకండి. మూడు నుంచి ఆరు నెలల తాత్కాలిక అనుమతి అడగండి. అది అద్దె లెక్కలోకి రాదు కాబట్టి ఒప్పుకోవడం సులువు.

అడగడానికి వెళ్లేముందు ఈ నాలుగూ మీ చేతిలో ఉండాలి: ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, కరెంటు బిల్లు ఎవరిది, పర్మిట్ ఫీజు మాఫీ అవుతుందా, గడువు తీరాక ఎవరు ఖాళీ చేయిస్తారు. వీటికి జవాబు లేకుండా వెళ్తే ‘చూద్దాం’ అనే మాటతో పంపేస్తారు.

షాపు ఎవరికివ్వాలన్నది కూడా ముఖ్యమే. నా అభిప్రాయంలో మొదటి షాపు ఆర్ట్ గ్యాలరీకి ఇవ్వకూడదు. గ్యాలరీకి జనం ఒకసారి వచ్చి చూసి పోతారు. కాఫీ, బేకరీ, పిల్లల పుస్తకాలు, బట్టలు కుట్టే టైలరు లాంటివాటికి అదే మనిషి వారానికి రెండుసార్లు వస్తాడు. పక్కపక్క షాపులు రెండు మూడు ఒకేసారి తెరిపించండి. మూసిన వీధిలో ఒక్క షాపు తెరిస్తే మధ్యాహ్నం దాకా బోణీ కాదు.

3. ఆఫీసుల్ని ఇళ్లుగా మార్చండి, కానీ బిల్డింగ్ చూసి ఎంచుకోండి

అసలు మందు ఇదే. నెమ్మదిగా పనిచేస్తుంది. బేగంబజార్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో పాత వీధులు చూడండి. కింద కొట్టు, మీద కాపురం. వ్యాపారం మందగించినా పాలకు, మందులకు, కొత్తిమీరకు మెట్లు దిగే మనిషి ఆ వీధిలోనే ఉంటాడు. అమెరికా డౌన్‌టౌన్లు కాపురాల్ని తీసేసి ఆఫీసు కుర్చీలు వేసుకున్నాయి, ఇప్పుడు కుర్చీలు ఖాళీ అయ్యాయి.

అలాగని ఏ ఆఫీసునైనా ఇళ్లు చేయలేం. చూడాల్సిన మొదటి కొలత, కిటికీ నుంచి లిఫ్టుల గోడ దాకా ఎంత దూరమన్నది. 30 అడుగుల దగ్గర ఉంటే ఫ్లాట్లు బాగా వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన బిల్డింగులు చాలావరకు ఇలాగే ఉంటాయి, ఎందుకంటే అప్పట్లో ఏసీ లేదు, గాలీ వెలుతురూ కిటికీ నుంచే రావాలి. 1960ల తర్వాత ట్యూబ్‌లైట్లు, ఏసీ నమ్ముకుని వెడల్పుగా కట్టిన వాటిలో నడుమ భాగానికి వెలుతురు అందదు. అక్కడ పడకగది పెడితే గోదాములో పడుకున్నట్టే ఉంటుంది.

రెండోది నీళ్ల పైపులు. ఆఫీసులో అంతస్తుకు ఒకటి రెండు చోట్లే బాత్‌రూములు ఉంటాయి. ఇళ్లయితే ప్రతి ఫ్లాటుకూ వంటిల్లు, బాత్‌రూము కావాలి, అంటే స్లాబ్‌కు పదుల చోట్ల కన్నాలు పెట్టాలి. మూడోది, పై అంతస్తుల్లో ఇంకా లీజు మిగిలి ఉన్న కంపెనీలు ఎన్ని ఉన్నాయో చూడండి. మూడు అంతస్తుల్లో ఆఫీసులు నడుస్తుంటే బిల్డింగ్ మొత్తం పగలగొట్టలేరు. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఏళ్ల తరబడి ఆగుతాయి.

వెడల్పు బిల్డింగ్‌కు కూడా దారి ఉంది గానీ ఖరీదైనది. న్యూయార్క్‌లో 25 వాటర్ స్ట్రీట్ అనే బిల్డింగ్‌కు కోట గోడ లాంటి ఇటుక ముఖం, సన్నటి చీలికల్లాంటి కిటికీలు ఉండేవి. దాని నడుమ పైనుంచి కిందికి రెండు పెద్ద నుయ్యిల్లా కోసేసి వెలుతురు దింపారు. అలా పోయిన స్థలానికి బదులు పైన కొత్త అంతస్తులు లేపారు. ఇప్పుడు అందులో 1,300కు పైగా ఫ్లాట్లున్నాయి.

ఇంత ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఇక్కడ కెనడాలోని కాల్గరీ నుంచి నేర్చుకోవాలి. 2014లో చమురు ధర పడిపోయినప్పుడే ఆ ఊరి టవర్లు ఖాళీ కావడం మొదలైంది, కోవిడ్ వచ్చాక డౌన్‌టౌన్ ఆఫీసుల్లో మూడో వంతు దాకా ఖాళీ. 2021లో నగరపాలక సంస్థ ఒక సూటి లెక్క పెట్టింది: ఆఫీసును ఇళ్లుగా మారిస్తే చదరపు అడుగుకు 75 కెనడియన్ డాలర్లు ఇస్తాం. లక్ష చదరపు అడుగుల బిల్డింగ్ అయితే 75 లక్షల డాలర్లు. 2031 నాటికి 60 లక్షల చదరపు అడుగుల ఆఫీసు స్థలాన్ని తగ్గించాలన్నది వాళ్ల లక్ష్యం. దరఖాస్తులు ఎంతగా వచ్చాయంటే, 2023 చివర్లో నిధులు చాలక కొత్తవి తీసుకోవడం ఆపాల్సి వచ్చింది. ఆ పథకంలో నాకు నచ్చింది దాని తేటదనం. బిల్డరు కాలిక్యులేటర్ తీసి అరగంటలో తేల్చుకోగలడు.

న్యూయార్క్ దీన్ని పన్ను రాయితీతో సాధించింది. వాల్‌స్ట్రీట్ చుట్టుపక్కల ఆఫీసులు ఖాళీగా ఉన్న 1995లో మొదలుపెట్టి, పదేళ్ల పైచిలుకులో దాదాపు 13,000 ఇళ్లు తెచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2024 మార్చిలో, ఇళ్లుగా మార్చిన ఆఫీసును మొదటిసారి అమ్మినప్పుడు ట్రాన్స్‌ఫర్ టాక్స్ (ఆస్తి చేతులు మారినప్పుడు కట్టే పన్ను) లేకుండా చేశారు. మీ ఊళ్లో నగదు ఇవ్వాలా, పన్ను తగ్గించాలా అన్నది ఖజానాను బట్టి ఉంటుంది. డబ్బుంటే కాల్గరీ దారే మంచిదని నేను నమ్ముతాను.

బిల్డింగుల ధరలు పడిపోతున్నాయని టెన్షన్ పడొద్దని కూడా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 350 కాలిఫోర్నియా స్ట్రీట్ టవర్ 2023లో, మూడేళ్ల ముందు అడిగిన ధరలో దాదాపు నాలుగో వంతుకే అమ్ముడుపోయింది. నగరానికి వచ్చే ఆస్తి పన్ను తగ్గుతుంది, అది నిజమైన నష్టమే. కానీ కొత్త ఓనరు చవగ్గా కొన్నాడు కాబట్టి చవగ్గా అద్దెకివ్వగలడు, ఇళ్లు చేయాలన్నా లెక్క కుదురుతుంది. పాత ధరను పట్టుకుని వేలాడే బిల్డింగే వీధికి ఎక్కువ భారం.

4. కాపురానికి కావాల్సినవి ముందే తెండి

ఫ్లాట్లు వచ్చాక కిరాణా వస్తుందిలే అనుకుంటే మొదట వచ్చినవాళ్లు ఏడాదిలో ఖాళీ చేసి పోతారు. పది నిమిషాల నడకలో కూరగాయలు, మందుల షాపు, పిల్లలు ఆడుకునే చోటు, డేకేర్ ఉండాలి. సగం ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలం ఒకటి అద్దెకు తీసుకుని నాలుగు చెట్లు, బెంచీలు, ఒక ఉయ్యాల పెట్టినా మొదలు పెట్టినట్టే.

కాలేజీ దొరికితే అదృష్టమే. ఫీనిక్స్ నగరంలో 2006లో ఓటర్లు 22 కోట్ల 30 లక్షల డాలర్ల బాండ్లకు ఒప్పుకుని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌ను డౌన్‌టౌన్‌కు తెచ్చుకున్నారు. విద్యార్థి ఉదయమూ ఉంటాడు, రాత్రి పదకొండుకూ ఉంటాడు, శుక్రవారం రావడం మానేసి ఇంటి నుంచి పనిచేయడు.

5. సాయంత్రాలు, రైళ్లు, చీపురు

నెలకో రోజు, ఎప్పుడూ అదే రోజు, ఒక వీధికి కార్లు ఆపేసి పాటలు, తిండి పెట్టండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2024 మే నుంచి ప్రతి నెలా మొదటి గురువారం సెకండ్ స్ట్రీట్‌లో ఇలా చేస్తున్నారు. తేదీ మార్చకపోవడమే ఇందులో కిటుకు. మన సంతలు ఎలా నిలిచాయో చూడండి, ఏ వారం ఏ ఊరి సంతో అడక్కుండానే జనానికి తెలుసు. స్టాళ్లు కూడా బయటి ఫుడ్ ట్రక్కులకు కాకుండా ముందు ఆ వీధి షాపులకే ఇవ్వండి. లేకపోతే బయట పండుగ, లోపల ఖాళీ కుర్చీలు.

వచ్చినవాళ్లు తిరిగి ఇంటికెళ్లాలి కదా. నేను ఫ్రీమాంట్ అనే పక్క ఊరి నుంచి బార్ట్ (ఆ ప్రాంతపు మెట్రో) రైల్లో వస్తాను. రైలు టైమింగులన్నీ ఆఫీసు వేళల చుట్టూ ఉన్నంతకాలం రాత్రి భోజనానికి ఆగాలంటే భయమే, ఒక రైలు తప్పితే ప్లాట్‌ఫాం మీద చలిలో నిలబడాలి. 2023 సెప్టెంబర్‌లో బార్ట్ టైమ్‌టేబుల్ మార్చి, రాత్రుళ్లు, వారాంతాల్లో కూడా ఏ లైన్లోనూ రైలుకూ రైలుకూ మధ్య 20 నిమిషాలకు మించకుండా చేసింది, పెట్టెలు తగ్గించి. ఆ తర్వాతే నేను ఆఫీసు అయ్యాక స్నేహితులతో అక్కడే భోంచేయడం మొదలుపెట్టాను. కాబట్టి మీ రవాణా సంస్థను ఉదయం ఎనిమిది గంటల రైళ్ల గురించి కాదు, రాత్రి తొమ్మిదిన్నర రైలు గురించి అడగండి.

శుభ్రత, దీపాలు, రాత్రి కాపలా కోసం చాలా అమెరికా నగరాల్లో ఆ వీధుల ఆస్తి యజమానులే అదనంగా చందా కట్టుకుని ఒక సంస్థ నడుపుతారు. మీ దగ్గర ఉంటే దాని మీటింగుకు వెళ్లండి. వీధి మీద ఇల్లు లేక పడుకున్నవాళ్లను పక్క వీధికి తోలడం మాత్రం పనే కాదు. వాళ్లకు గది, వైద్యం దొరికే ఏర్పాటు బడ్జెట్‌లో ఉండి తీరాలి. రేపు ఆ వీధిలో కాపురముండేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

6. ఆరు నెలలకు మళ్లీ అదే మూలకు వెళ్లండి

అవే గంటలు, అదే పావుగంట. మంగళవారం లెక్క పెరిగిందని సంబరపడొద్దు, అది ఏదో కంపెనీ ఆఫీసుకు రమ్మన్నందువల్ల కావచ్చు. చూడాల్సింది శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం. ఆ రెండూ పెరుగుతుంటే మీ పని పట్టాలెక్కినట్టు. షాపులు పెరిగి ఆ రెండూ కదలకపోతే, తర్వాతి ఏడాది డబ్బు పండుగల మీద కాకుండా ఇళ్ల మీద పెట్టండి. మొదట గీసిన పటాన్ని తీసి, షాపులు తెరిచే రోజులు మారాయేమో తలుపు తలుపుకూ వెళ్లి దిద్దుకోండి. మా వీధిలో కొట్టేసిన సోమ, శుక్రవారాలు ఇంకా అలాగే ఉన్నాయి. నేను దిగినప్పుడల్లా ముందు ఆ కాగితమే చూస్తాను.