గుజిరీ వైపర్ మోటార్ వేయిస్తున్నారా? మృగశిరకి ముందే చూసుకోవాల్సినవి

రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతుంటే వైపర్ ఎవరికి గుర్తొస్తుంది? కానీ ఒడిశాలో జయపురం, కొరాపుట్ వైపు పాత కారు నడిపే మనలాంటి వాళ్లు ఆ పని చేసుకోవాల్సింది సరిగ్గా ఆ ఎండల్లోనే. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. దాని వెనకే వానలు. మొదటి వాన పడ్డ మర్నాడు ఆటో ఎలక్ట్రీషియన్ షాపుకి వెళ్తే, మనకన్నా ముందు పదిమంది నిలబడి ఉంటారు.

నా మారుతి 800కి వైపర్ మోటార్ పోతే విశాఖలో ఒక గుజిరీ కొట్టులో పాతది కొన్నాను. కొట్టాయన బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, "చూడండి బాబూ, గిర్రున తిరుగుతోంది" అన్నాడు. నిజంగానే తిరిగింది. అది బిగించుకుని సాలూరు మీదుగా ఇంటికి వస్తుంటే సుంకి ఘాట్ కొండదారిలో జోరువాన పట్టుకుంది. పావుగంట బాగానే తుడిచింది. తర్వాత బ్లేడ్లు రెండూ అద్దం మధ్యలో నిలబడిపోయాయి. ఎదురుగా లారీ లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. బోనెట్ ఎత్తి చూస్తే మోటార్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. చల్లారాక ఐదు నిమిషాలు తిరిగి మళ్లీ ఆగింది.

ఇంటికి చేరాక మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్ మోటార్ విప్పాడు. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్ ఒకటి గోరంతే మిగిలింది, స్ప్రింగ్ దాన్ని ఇంక ముందుకు తోయలేని స్థితి. ఆ తర్వాత వైపర్ చేతుల్ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి, "మోటార్‌ని అనకు నాయనా, దీన్ని చంపింది నీ లింకులే" అన్నాడు.

కాబట్టి మోటార్ కొనకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. మోటార్‌ని వైపర్ చేతులకి కలిపే లింకు రాడ్‌ని మోటార్ నుంచి విడదీసి, వైపర్ చేతుల్ని చేత్తో కదపండి. తేలిగ్గా కదలాలి. బిగుసుకుని కదిలాయంటే ఆ చేతులు తిరిగే ఇరుసులు తుప్పు పట్టాయన్నమాట, ఆ భారమంతా మోటార్ మీదే పడుతుంది. అద్దం కింద జాలీలో పేరుకున్న ఆకులు తడి పట్టి, ఆ తడి అంతా ఇరుసుల్లోకే దిగుతుంది. ఆకులు తీసేసి, ఇరుసులు విప్పి తుప్పు గీకి గ్రీజు పెట్టండి. ఒక్కోసారి ఇంతటితో పాత మోటారే మళ్లీ బాగా తిరుగుతుంది, గుజిరీకి వెళ్లే పనే ఉండదు. ఈ పని చెయ్యకుండా ఎంత మంచి మోటార్ వేసినా దానికీ అదే గతి.

గుజిరీలో మోటార్ చేతికి రాగానే ముందు వాసన చూడండి. నవ్వకండి, లోపలి తీగచుట్టల మీది వార్నిష్ కాలితే ఆ వాసన అంత తేలిగ్గా పోదు. అది తగిలితే వెంటనే కింద పెట్టేయండి. మోటార్ ఇరుసుని పట్టుకుని ఊపితే లొడలొడలాడకూడదు. స్క్రూలతో బిగించిన మూతైతే తీయించండి. లోపల నైలాన్ పళ్ల చక్రం పళ్లు అరిగినా, గ్రీజు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నా, ఎర్రటి తుప్పు పొడి రాలినా వద్దు. గ్రీజు తెల్లబడిందంటే నీళ్లు తాగిందనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. అలా మునిగిన బండి మోటార్ పైకి కడిగిన ముత్యంలాగే ఉంటుంది. ఇంకో మాట, కొట్టాయన మోటార్ మీద సుత్తితో తట్టి తిప్పబోతే ఆపండి. లోపల అయస్కాంతాలు పింగాణీలాంటివి, దెబ్బకి చిట్లుతాయి. అన్నిటికన్నా ముందు పాత మోటార్ విప్పి వెంట తీసుకెళ్లండి. మోటార్ ఇరుసుకి బిగించి లింకుల్ని తిప్పే క్రాంకు చెయ్యి ఏ కోణంలో ఉందో విప్పకముందే సుద్దతో గీత గీసి ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

బిగించేటప్పుడు వేళ్లు జాగ్రత్త. స్విచ్ ఆపేశాం కదా అనుకుంటాం. కానీ బ్లేడ్లు వాటంతటవే కిందికి వచ్చి పడుకోవడానికి మోటార్‌లో వేరే పార్కు కాంటాక్ట్ ఉంటుంది. మోటార్ ఆ స్థానంలో లేకపోతే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సరే, తాళం తిప్పగానే అక్కడికి వచ్చేదాకా తిరుగుతుంది. ఆ సమయంలో లింకుల మధ్య వేలుంటే ఎముక విరుగుతుంది. అందుకే లింకుల్లో చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయాలి. ఆ మాత్రం దానికెందుకులే అనుకోవద్దు.

వరస ఇలా పెట్టుకోండి. క్రాంకు బిగించకుండా మోటార్‌ని బండి కప్లర్‌కి (వైర్లు కలిపే ప్లగ్గుకి) కలిపి, మైనస్ తగిలించి, ఒకసారి తిప్పి స్విచ్ ఆపండి. అది పార్కు స్థానంలో ఆగాక మైనస్ మళ్లీ తీసి, అప్పుడు సుద్ద గీత ప్రకారం క్రాంకు పెట్టండి. నట్టు బిగించేటప్పుడు క్రాంకుని ఇంకో పానాతో పట్టుకోవాలి. లేకపోతే ఆ బలమంతా నైలాన్ పళ్ల మీద పడుతుంది.

వేరే మోడల్ మోటార్ అయితే వైర్ల రంగుల్ని నమ్మకండి. లో స్పీడు, హై స్పీడు, పార్కు, కరెంటు, ఎర్త్ (మైనస్) అని సాధారణంగా ఐదు ఉంటాయి. మోటార్ బాడీనే ఎర్త్ అయితే నాలుగు. మల్టీమీటర్ పెట్టి ఏది ఏదో తేల్చుకున్నాకే కలపాలి. పార్కు వైర్ తారుమారైతే ప్లస్ నేరుగా ఎర్త్‌కి తగిలి ఫ్యూజు పోతుంది. అప్పుడు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే మహానుభావులు మన షాపుల్లో ఇంకా ఉన్నారు. ఈసారి కాలేది ఫ్యూజు కాదు, డ్యాష్‌బోర్డు వెనక వైరింగ్. బండికి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఇచ్చారో అదే వేయండి. బాడీ ఎర్త్ ఉన్న మోటార్ నీరసంగా తిరిగితే, అది కూర్చునే చోట రంగు, తుప్పు గీకి చూడండి.

ఇక అసలు పరీక్ష. ఖాళీగా తిరగడం పరీక్షే కాదు, నాకు సుంకి నేర్పింది అదే. కొత్త బ్లేడ్లు వేసి, ఇంజను నడుస్తుండగా, ఎవరినైనా పైపుతో అద్దం మీద ఆగకుండా నీళ్లు కొట్టమనండి. పొడి అద్దం మీద మాత్రం తిప్పొద్దు. లోలో పావుగంట, హైలో పావుగంట. తర్వాత మోటార్ మీద అరచెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి వెంటనే లాగేసుకోవాల్సి వస్తే అది ఘాట్‌కి పనికిరాదు. ఊళ్లో తిరగడానికి కూడా దాన్ని ఉంచుకోవద్దనే అంటాను.

ఇన్ని చేసినా దారిలో ఆగిందనుకోండి, తల బయటపెట్టి నడపకండి. మలుపులో కాకుండా, రాళ్లు జారే కొండ అంచుకి దూరంగా, వెడల్పున్న చోట ఆపి నాలుగు ఇండికేటర్లూ వేయండి. పాత లారీ డ్రైవర్లు అద్దానికి తడి పొగాకు రుద్దేవాళ్లు. నీళ్లు చుక్కలు కట్టకుండా పొరలా జారతాయి. ఆ ఉపాయం బండి పక్కకి తీసుకునేంత దూరానికే, సాలూరు దాకా కాదు.

పోయిన మోటార్ మాత్రం గుజిరీకి తిరిగి ఇచ్చేయకండి. నా 800లో ఇప్పుడు తిరుగుతున్నది రెండోసారి కొన్న గుజిరీ మోటార్. దాని మూతలో పార్కు కాంటాక్ట్ ఉండే పలక అరిగిపోయి ఉంటే, బాబాయ్ నా పాతదాని మూత విప్పి దీనికి బిగించాడు.