పాత డీజిల్ బుల్‌డోజర్ స్టార్ట్ అవ్వకుండా సతాయిస్తోందా? కారణం ఇలా పట్టుకోండి

డోజర్ పొద్దున్నే మొరాయిస్తే చాలామంది నేరుగా ఇంజెక్షన్ పంపు (డీజిల్‌ని ఒత్తిడితో పంపేది), నాజిళ్లు (దాన్ని సిలిండర్లలోకి చిమ్మేవి) విప్పేసి సర్వీసుకు పంపేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. పంపు పని ఖర్చుతో కూడుకున్నది, పైగా చాలాసార్లు లోపం అక్కడ ఉండనే ఉండదు, తుప్పు పట్టిన బ్యాటరీ టెర్మినల్ దగ్గరో, ఫిల్టర్ పక్కన వదులైన పైపు దగ్గరో ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ లేదు, సిలిండర్లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుకే ఇంజిన్ తగినంత స్పీడుగా తిరగాలి, కంప్రెషన్ ఉండాలి, గాలి కలవని శుభ్రమైన డీజిల్ అందాలి. వీటిలో ఏది తగ్గిందో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

ముందుగా బ్లేడు నేలకు దించి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేక్ లాక్ చేసి, చైన్లకు ముందూ వెనకా దిమ్మలు వేయండి. సీట్లో ఒకరు, ఇంజిన్ దగ్గర ఒకరు ఉంటే సైగలు ముందే మాట్లాడుకోండి.

సెల్ఫ్ కొడుతూ సైలెన్సర్ వైపు చూడండి

అసలు పరీక్ష ఇదే, దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ చురుగ్గా తిరుగుతోందా, మూలుగుతూ ఈడుస్తోందా అని వినండి, అదే సమయంలో పొగ చూడండి. బాగా తిరుగుతున్నా పొగే రాకపోతే సిలిండర్లకు డీజిల్ చేరట్లేదు. ఘాటైన డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ కాలట్లేదు. నల్ల పొగైతే గాలి చాలట్లేదు, ఎయిర్ ఫిల్టర్ చూడండి. సెల్ఫ్‌ని ఒక్కసారికి 30 సెకన్లకు మించి కొట్టకండి, మళ్లీ కొట్టే ముందు రెండు నిమిషాలు చల్లారనివ్వండి.

ఈడుస్తూ తిరిగితే

ఎక్కువ డోజర్లలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. ఫుల్ చార్జ్‌లో ఉండి, వాడకుండా పక్కన పెట్టిన ఒక్కో బ్యాటరీ 12.6 వోల్టుల దాకా చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు సుమారు 9.6 కంటే కిందికి పడకూడదు. రెండింటినీ విడివిడిగా చూడండి, ఒకటి బాగుండి ఇంకొకటి కుప్పకూలడం మామూలే. తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ ప్లస్ పోల్ మీద (క్లాంపు మీద కాదు), రెండోది సెల్ఫ్ మోటారు మెయిన్ బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ కేబుల్లోనో, జాయింట్లోనో, మధ్యలో ఉన్న స్విచ్‌లోనో లోపం. మైనస్ పోల్‌కీ సెల్ఫ్ బాడీకీ మధ్య కూడా ఇలాగే చూడాలి, పాత బండ్లలో ఎర్త్ జాయింటు కింద తుప్పూ రంగూ పేరుకుని ఉంటాయి.

కరెంటు వైపు అంతా బాగుండి కూడా ఈడుస్తుంటే, చలికి ఇంజిన్ ఆయిల్ గట్టిపడిందేమో, మెయిన్ క్లచ్ విడిపించకుండా సెల్ఫ్ కొడుతున్నారేమో చూడండి.

పొగే రాకపోతే

స్టాప్ కేబుల్ (ఇంజిన్ ఆపడానికి లాగేది) పూర్తిగా వెనక్కి వెళ్తోందా, సోలెనాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచేది) ఉంటే కీ తిప్పగానే టక్‌మంటోందా అన్నది మొదట చూడాలి. ట్యాంకు కింది డ్రెయిన్ తెరిచి నీళ్లు, మడ్డి వదిలేయండి, మూతకున్న గాలి రంధ్రం పూడుకుందేమో చూడండి, ఫిల్టర్ మార్చండి.

ఇక గాలి సంగతి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ని లాగి ఇంజెక్షన్ పంపుకు అందించేది) దాకా ఉన్న పైపులో డీజిల్‌ని ఆ పంపు లాగుతుంటుంది కాబట్టి, అక్కడ చిన్న సందు ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలే లోపలికి పోతుంది. ఎంత వెతికినా తడి కనపడదు, అందుకే ఇది మెకానిక్‌లను బాగా ఏడిపిస్తుంది. ఫీడ్ పంపుకు ముందు ఒక జానెడు పారదర్శక పైపు తాత్కాలికంగా బిగించి సెల్ఫ్ కొట్టిస్తే, బుడగలు వరసగా పోవడం కళ్లకు కనపడుతుంది. పగలంతా బాగా పనిచేసి, రాత్రి ఆపితే పొద్దున్నే మొండికేసే బండి అయితే ముందు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) గట్టిపడేదాకా కొట్టి చూడండి. వెంటనే స్టార్ట్ అయితే డీజిల్ రాత్రికి రాత్రి వెనక్కి ట్యాంకులోకి దిగిపోతోందని అర్థం, వాషర్లు, పైపు జాయింట్లు, నాన్ రిటర్న్ వాల్వ్ (డీజిల్ వెనక్కి పోకుండా ఆపేది) చూసుకోవాలి.

ఎయిర్ తీసేటప్పుడు ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొడితే ముందు నురగ వస్తుంది, నురగ పోయి బుడగ లేని ధార వచ్చాక, ప్రైమర్ కొడుతూనే స్క్రూ బిగించండి. నాజిల్ పైపుల నట్లు వదులు చేసి చూసేటప్పుడు చెయ్యి దూరంగా ఉంచండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, సూది గుచ్చినంత గాయమే కనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

తెల్ల పొగ వస్తుంటే

హీటర్ ప్లగ్‌లు (స్టార్ట్‌కి ముందు సిలిండర్‌ని వేడి చేసేవి) ఉన్న ఇంజిన్ అయితే వాటి వైర్లు తీసి, బ్యాటరీ ప్లస్ నుంచి టెస్ట్ ల్యాంపుతో ఒక్కో ప్లగ్ టెర్మినల్ ముట్టించండి, వెలగనిది కాలిపోయినట్టే. అవి బాగుంటే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు), తర్వాత కంప్రెషన్ చూడాలి. రింగులు అరిగిన ఇంజిన్ ఎలాగోలా స్టార్ట్ అయ్యాక బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి గుప్పుగుప్పున పొగ ఊదుతుంది. మాన్యువల్‌లో ఉన్న కంప్రెషన్ అంకె ఎలాగూ చూడాలి, దాంతోపాటు సిలిండర్ల మధ్య తేడా ఎంతుందో కూడా చూడండి.

ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు మాత్రం మానుకోండి. ఎక్కువైతే రింగులు, పిస్టన్లు దెబ్బతింటాయి, హీటర్ వేడిగా ఉన్నప్పుడు కొడితే ఇన్‌టేక్‌లోనే పేలుతుంది.

వేడి మీదే మొరాయిస్తే

చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, పని మధ్యలో ఆపితే మళ్లీ రాకుండా, చల్లారాక మామూలుగా వస్తోందంటే, ముందు సెల్ఫ్ మోటారు వేడికి నీరసపడుతోందేమో తేల్చుకోండి. అది బాగానే తిప్పుతుంటే ఇంజెక్షన్ పంపు లోపల అరుగుదల ఉందని నాకు అనుమానం వచ్చేది అప్పుడే, ఎందుకంటే వేడికి పలచబడ్డ డీజిల్ అరిగిన ప్లంజర్ (పంపులో డీజిల్‌ని నెట్టే కడ్డీ) పక్కనుంచి జారిపోతుంది. విప్పే ముందు పంపు ఫ్లాంజి మీద, టైమింగ్ గేర్ల మీద గుర్తులు పెట్టి ఫొటో తీసుకోండి, ఆ గుర్తులు తప్పితే కొత్తగా సర్వీసు చేయించిన పంపుతో కూడా బండి స్టార్ట్ కాదు.