బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుడు: పాత స్పోర్ట్స్ సెడాన్‌లో నాకు పనిచేసిన పద్ధతి

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మెల్లగా బ్రేక్ నొక్కితే స్టీరింగ్ వణికేది, కాలి కింద పెడల్ కొట్టుకునేది. వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, కొత్త బ్రేక్ ప్యాడ్లు, అవి నొక్కి ఆపే కొత్త డిస్కులు (చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లేలు): అన్నీ అయ్యాయి. కొత్త డిస్కులతో కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలయ్యేది. అసలు క్లూ అదే.

డిస్క్ వెనక హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) మీద తుప్పు పొర ఉంటే డిస్క్ వెంట్రుకవాసి వాలుగా కూర్చుంటుంది. తిరిగినప్పుడల్లా ఒకేచోట ప్యాడ్‌కి రాసుకుని అక్కడ అరుగుతుంది. అందుకే వణుకు ఆలస్యంగా వస్తుంది.

బండిని జాక్ స్టాండ్ల మీద నిలిపి, కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) విప్పి తీగతో వేలాడదీశాను (దానికి బ్రేక్ ఆయిల్ తెచ్చే హోస్ మీద బరువు పడకూడదు). డిస్క్ తీసి, హబ్‌ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాను. బోల్టు రంధ్రాల అంచుల్లో తుప్పు మొండిగా ఉంటుంది, అక్కడే ఓపిక కావాలి. కొత్త డిస్క్ పెట్టి, వాషర్లతో వీల్ బోల్టులన్నీ సమానంగా బిగించి, డిస్క్ అంచుకు 10 మి.మీ. లోపల డయల్ గేజ్ (చిన్న ఊగిసలాటను కూడా కొలిచే ముల్లు మీటర్) ఆనించి డిస్క్‌ని తిప్పాను. శుభ్రం చేయకముందు 0.11 మి.మీ. ఊగింది, తర్వాత 0.03. చివర్లో చక్రం బోల్టుల్ని నక్షత్రం వరసలో, రెండు విడతల్లో, టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) బిగించాను.

ఇప్పటిదాకా వణుకు లేదు. అందరికీ ఇదే కారణమని చెప్పలేను. బ్రేక్ వేయకున్నా వణికితే టైర్లు, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు) చూడండి. శుభ్రం చేశాక కూడా రీడింగ్ తగ్గకపోతే హబ్‌నో బేరింగ్‌నో అనుమానించాలి. ఇప్పటికే ఎగుడుదిగుడుగా అరిగిన డిస్క్ మాత్రం హబ్ రుద్దితే బాగుపడదు.