పిల్లల క్వాడ్ బైక్ ఎగిరెగిరి పడుతోందా? స్ప్రింగ్ మార్చేముందు ఇవి చూడండి

మా అబ్బాయికి ఆరేళ్లు, బరువు 19 కిలోలు. వాడికి కొన్నది 49 సీసీ చిన్న క్వాడ్ బైక్ (నాలుగు చక్రాల బండి), 6 అంగుళాల రిమ్ములది. బెంగళూరులో సర్జాపురం దాటాక మాకు తెలిసినవాళ్ల లేఅవుట్ ఒకటి ఇంకా ఇళ్లు పడకుండా ఖాళీగా ఉంది. చుట్టూ కాంపౌండ్ గోడ ఉంది కాబట్టి అక్కడే నడిపిస్తాం. మొదటి ఆదివారం పది నిమిషాలు తిరిగాక బండి ఆపేసి, "నాన్నా, చేతులు జివ్వుమంటున్నాయి" అన్నాడు. ఎర్రమట్టిలో చిన్న గులకరాయి తగిలినా బండి మొత్తం ఎగిరిపడుతోంది. ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు షాకబ్జర్లు ఉన్నాయి. ఒక్కటీ అణగడం లేదు.

ఎవరిని అడిగినా ఒకటే మాట: "స్ప్రింగ్ గట్టిది సార్, మార్చేయండి." మా బండిలో సగం లోపం స్ప్రింగ్‌ది కానే కాదు. అందుకే ఖర్చు లేని పనులు ముందు, స్ప్రింగ్ ఆఖర్న చెబుతున్నాను.

ముందు కొలవండి

చేత్తో హ్యాండిల్ నొక్కి చూసి ఏదీ తేల్చుకోకండి. 70 కిలోల మనిషి వాలితే అణిగే స్ప్రింగ్ 19 కిలోల పిల్లాడి కింద ఇనుప కడ్డీలా నిలబడుతుంది. కొలవాల్సింది పిల్లాడు కూర్చున్నప్పుడే.

వెనక భాగాన్ని ఇటుకల మీదకు ఎత్తి చక్రాలు గాల్లో వేలాడేలా చేయండి. స్ప్రింగ్ చుట్ల సందులోంచి షాకబ్జర్ రాడ్‌కు సన్నటి కేబుల్ టై ఒకటి బిగించి, రాడ్ లోపలికి దూరే చోటు దాకా జరపండి. బండిని మెల్లగా దించి, హెల్మెట్‌తో సహా పిల్లాడిని కూర్చోబెట్టి, మళ్లీ దింపి, టై ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. మా బండిలో వెనక రాడ్ మొత్తం కదలగలిగింది 45 మి.మీ. వాడు కూర్చుంటే టై జరిగింది 2 మి.మీ. మాత్రమే. ఆ టై అలాగే ఉంచి ఒక రౌండు తిప్పిస్తే, గతుకుల మీద కూడా 8 మి.మీ. దాటలేదు.

మంచి ఆయిల్ షాకబ్జర్ ఉన్న బండిలో మనిషి కూర్చున్నప్పుడు మొత్తం దూరంలో పావు వంతు, అటూ ఇటుగా 30 శాతం దాకా దిగాలి. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, కిందకు వచ్చేసరికి పనికొస్తుంది.

లక్షణం: చేతులకు సన్నటి వణుకు, ముఖ్యంగా పేవర్ బ్లాకుల మీద

ఇది టైర్ల సంగతి. చిన్న చిన్న అదుర్లను మింగాల్సింది టైరే, స్ప్రింగ్ కాదు. ఈ బండ్ల టైర్లు లావుగా, మెత్తగా ఉంటాయి, వాటికి చాలా తక్కువ గాలి చాలు. బంకులో గాలి కొట్టించి తెస్తే, కారు లెక్కలో 30 పీఎస్ఐ దగ్గర కొట్టేస్తారు, టైరు రాయిలా అయిపోతుంది. టైరు పక్కగోడ మీద గరిష్ఠం ఎంతో అచ్చువేసి ఉంటుంది. దాన్ని దాటకుండా, బండితో వచ్చిన పుస్తకంలో చెప్పినంతే ఉంచండి. చిన్న అంకెలు చూపించే గేజి ఒకటి, సైకిల్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే బంకుతో పనిలేదు. నాలుగు టైర్లలో ఎడమా కుడీ ఒకేలా ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది.

లక్షణం: నొక్కితే కదలదు, కదిలితే వెనక్కి రాదు, కిర్రుమంటుంది

మా అసలు రోగం ఇక్కడే దొరికింది. ముందు షాకబ్జర్ కింది బోల్ట్ తీసి పక్కకు జరిపాను. అంటే ఇక చక్రాన్ని ఆపే స్ప్రింగ్ లేదు. ఏ-ఆర్మ్ (ముందు చక్రాన్ని చాసిస్‌కు కలిపే, A ఆకారపు చేయి) దాని బరువుకు అదే కింద పడాలి. పడలేదు. చక్రంతో సహా ఎక్కడ పెడితే అక్కడే గాల్లో నిలబడింది. ఆర్మ్‌ను చాసిస్‌కు బిగించే బోల్ట్‌ను స్పానర్‌తో ముప్పావు చుట్టు వదులు చేశాను. అంతే, ఆర్మ్ టక్కున కిందకు జారింది.

కారణం చాలా చిన్నది. ఏ-ఆర్మ్ కొసన బుష్ (ఆర్మ్ తిరిగే చోట ఉండే తొడుగు), బుష్ లోపల ఇనుప గొట్టం ఉంటాయి. ఆ గొట్టం బుష్ కన్నా కొంచెం పొడుగు ఉంటే, బోల్ట్ ఎంత బిగించినా బిగింపంతా గొట్టం మీదే పడుతుంది, ఆర్మ్ స్వేచ్ఛగా తిరుగుతుంది. చవక బండ్లలో గొట్టం పొట్టిగా ఉంటుంది, ఒక్కోసారి అసలే ఉండదు. అప్పుడు బోల్ట్ బిగిస్తే రెండు పక్కల రేకులూ దగ్గరకొచ్చి బుష్‌ను పటకారులా పట్టేస్తాయి. స్ప్రింగ్ ఎంత మెత్తదైనా ఆ పట్టును దాటలేదు.

బోల్ట్ వదులుగా వదిలేయడం పరిష్కారం కాదు. నడుస్తుండగా ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది. పాత గొట్టం కొలత తీసుకుని, బుష్ వెడల్పు కన్నా వెంట్రుకవాసి పొడుగు ఉండేలా లేత్ షాపులో కొత్తవి చేయించండి. లోపల గ్రీజు రాసి, కొత్త నైలాక్ నట్లతో (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) గట్టిగా బిగించండి. బిగించాక ఆర్మ్‌ను వేలితో ఎత్తి వదిలితే మెత్తగా దిగాలి. స్ప్రింగులు తీసి ఉన్నప్పుడే ముందు రెండు ఏ-ఆర్మ్‌లకూ, వెనక స్వింగ్ ఆర్మ్‌కు (వెనక ఇరుసును చాసిస్‌కు కలిపే చేయి) కూడా ఈ పరీక్ష చేయండి.

షాకబ్జర్ రెండు కళ్లూ (రెండు కొసల్లో బోల్ట్ దూరే రంధ్రాలు) కూడా చూడండి. పైది, కిందది ఒకే వరుసలో లేకుండా పక్కకు లాగినట్టుంటే రాడ్ వంకరగా దూరి పట్టేస్తుంది. వాషర్లు అటూ ఇటూ మార్చి వరుసకు తేవాలి. రాడ్ ఇప్పటికే వంగి ఉంటే షాకబ్జర్ మార్చడమే, కొట్టి సరిచేయకండి.

మాకు ఈ ఒక్క పనితోనే ముందు భాగం సగం మెత్తబడింది.

లక్షణం: పెద్ద గుంతకు అణుగుతుంది, చిన్న రాళ్లకు అసలు కదలదు

షాకబ్జర్ మీద మరలు ఉన్న రింగు ఉంటే, అది స్ప్రింగ్‌ను ముందే ఎంత నొక్కి ఉంచాలో నిర్ణయిస్తుంది. దాన్నే ప్రీలోడ్ అంటారు. ప్రీలోడ్ తగ్గించినంత మాత్రాన స్ప్రింగ్ మెత్తది అయిపోదు. కానీ ముందే గట్టిగా నొక్కి ఉన్న స్ప్రింగ్ ఆ బలం దాటేదాకా ఒక్క మిల్లీమీటరు కూడా కదలదు. తేలిక పిల్లాడి బరువు ఆ బలాన్ని దాటనే దాటదు. చక్రాలు గాల్లో ఉంచి, స్ప్రింగ్ గలగలలాడకుండా కుదురుగా కూర్చునేంత వరకు రింగు వదులు చేయండి. అంతకు మించి వద్దు, స్ప్రింగ్ తన చోటు నుంచి జారిపోతుంది.

లక్షణం: అన్నీ సరిచేశాక కూడా దిగుడు తక్కువే

ఇప్పుడు స్ప్రింగ్ వంతు. చాలా చిన్న షాకబ్జర్ల మీద 500, 750, 1000, 1200 లాంటి అంకె అచ్చు ఉంటుంది. అది పౌండ్లలో, ఒక అంగుళం నొక్కడానికి కావలసిన బరువు. మా వెనక స్ప్రింగ్ 1200. అంటే ఒక్క అంగుళానికి 544 కిలోలు! చక్రం దగ్గర అంత అనిపించకపోవడానికి కారణం స్వింగ్ ఆర్మ్. షాకబ్జర్ ఆర్మ్‌కు సరిగ్గా మధ్యలో తగిలించి ఉంటే చక్రానికి తెలిసేది అందులో నాలుగో వంతు. అయినా 136 కిలోలు. ఆరేళ్ల పిల్లాడికి అది చాలా ఎక్కువ.

బెంగళూరులో బండ్ల విడిభాగాలు అమ్మే జేసీ రోడ్డులో అడిగితే అంకె చెప్పి కొనుక్కోవచ్చు. అంకె లేని స్ప్రింగులైతే తీగ మందం కొలవండి. స్ప్రింగ్ గట్టితనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య అవే ఉంచి 7 మి.మీ. తీగ బదులు 6 మి.మీ. తీగ వేస్తే గట్టితనం దాదాపు సగానికి పడిపోతుంది. కంటికి తేడా కనిపించదు కాబట్టి వెర్నియర్ (మందం కచ్చితంగా కొలిచే పరికరం) పట్టుకెళ్లండి. శివాజీనగర్ గుజిరీలో (పాత సామాన్ల బజారు) పాత స్ప్రింగులు దొరుకుతాయి, కానీ పగుళ్లు, తుప్పు గుంటలు ఉన్నవి పిల్లల బండికి వద్దు.

ఒక సలహా మాత్రం దయచేసి వినకండి: "రెండు చుట్లు కోసేస్తే మెత్తబడుతుంది." జరిగేది సరిగ్గా దానికి ఎదురు. చుట్లు తగ్గితే స్ప్రింగ్ ఇంకా గట్టిపడుతుంది, బండి కిందకు దిగుతుంది, కోసిన కొస సరిగ్గా కూర్చోదు. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒకాయన ఇలా కోయించి, చివరికి జత మొత్తం కొత్తగా కొన్నారు. షాకబ్జర్ తగిలించే బ్రాకెట్ కోసి, లోపలికి జరిపి వెల్డింగ్ చేయించడం కూడా వద్దంటాను. లెక్కలో మెత్తబడుతుంది నిజమే, కానీ పిల్లాడి ప్రాణం ఆ వెల్డింగ్ మీద ఆధారపడుతుంది.

కొత్త షాకబ్జర్ కొంటే కన్ను నుంచి కన్నుకు పొడవు పాతదంతే ఉండాలి. బోల్ట్ మందం, కన్ను వెడల్పు కూడా కలవాలి. పొట్టిదైతే చాసిస్ కిందకు దిగి నేలకు తగలొచ్చు. పొడుగుదైతే బండి ఎత్తు పెరిగి మలుపులో తిరగబడే ప్రమాదం ఎక్కువవుతుంది. ముందువి ఎప్పుడూ జతగానే మార్చండి.

వెనక 1200 తీసి 500 వేశాను. టై 2 నుంచి 6 మి.మీ.కి వచ్చింది. పావు వంతు లెక్కన 11 కావాలి, అయినా అక్కడే ఆపాను. ఎందుకంటే మా షాకబ్జర్‌లో ఆయిల్ లేదు, ఉత్త స్ప్రింగే.

లక్షణం: మెత్తబడింది గానీ బంతిలా గంతులేస్తోంది

ఆయిల్ లేని షాకబ్జర్‌లో ఊగుడు ఆపేది ఏదీ ఉండదు. స్ప్రింగ్ మరీ మెత్తదైతే గుంత దాటాక కూడా బండి రెండు మూడుసార్లు ఊగి పిల్లాడిని సీటు మీంచి లేపేస్తుంది. అలా ఉంటే ఒక మెట్టు గట్టి స్ప్రింగ్‌కు వెనక్కి వెళ్లండి, లేదా ఆయిల్ షాకబ్జర్ వేయండి. నా డబ్బు మళ్లీ ఖర్చు పెట్టాల్సి వస్తే ఆయిల్ దానికే పెడతాను.

మెత్తబడ్డ బండి లోపలికి ఎక్కువ అణుగుతుంది కాబట్టి, స్ప్రింగ్ తీసేసి చక్రాన్ని పూర్తిగా పైకి ఎత్తి చూడండి. టైరు మడ్‌గార్డ్‌కు గానీ, స్టీరింగ్ రాడ్డుకు గానీ తగలకూడదు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడండి.

ఇంకొకటి, బండి సుఖంగా ఉండేసరికి పిల్లలు వేగం పెంచుతారు. అమెరికాలో ఆరేళ్ల పిల్లల తరగతి బండ్లకు గరిష్ఠ వేగం గంటకు 24 కి.మీ., అది కూడా మొదట 16 దగ్గర కట్టేసే ఏర్పాటుతో. అక్కడి పిల్లల వైద్యుల సంఘమైతే 16 ఏళ్లలోపు వాళ్లకు ఈ బండ్లే వద్దంటుంది. అందుకే వేగం పెరగకుండా ఆపే, యాక్సిలరేటర్ దగ్గరి స్క్రూ బిగించే ఉంచాను, ఇంజిన్ ఆపే తాడు చేత్తో పట్టుకుని వెనకే నడుస్తాను. హెల్మెట్, గ్లౌజులు లేకుండా తాళం ఇవ్వను. రోడ్డు మీదకు అసలే తీసుకురాను.

కొత్త భాగాలు వేశాక మొదటి అరగంటకే బోల్ట్‌లు ఒకసారి స్పానర్‌తో చూడండి. మాకు ఎడమ వైపు కింది నట్ పావు చుట్టు తిరిగింది. ఇప్పుడు ప్రతి నట్ మీదా, పక్కన రేకు మీదా కలిపి తెల్ల పెయింట్‌తో ఒక గీత పెట్టాను. గీత తెగితే నట్ కదిలినట్టే. బండి ఎక్కేముందు ఆ గీతలు చూసేది మా అబ్బాయే.